గనాడోలో హబుల్ ట్రేడింగ్ పోస్ట్: పాత కొట్టు చూడ్డానికి అంత దూరం వెళ్లొచ్చా?

కొండగాలి అడిగారు:

మేం ఫీనిక్స్‌లో ఉంటాం. జూన్ రెండో వారంలో మాన్యుమెంట్ వ్యాలీకి బయల్దేరుతున్నాం. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, మమ్మల్ని చూడ్డానికి వచ్చిన మా అమ్మ. మ్యాప్‌లో దారి వెతుకుతుంటే నవాహో అనే ఆదివాసీల సొంత ప్రాంతం నవాహో నేషన్ మధ్యలో, గనాడో అనే ఊరి పక్కన, హబుల్ ట్రేడింగ్ పోస్ట్ కనిపించింది. ఇప్పుడది నేషనల్ పార్క్ సర్వీస్ చేతిలో ఉందట. ఫొటోల్లో చూస్తే రాతి గోడల పాత కిరాణా కొట్టులా ఉంది. "కొట్టు చూడ్డానికి ఐదు గంటలు కారులో కూర్చోవాలా?" అని మా ఆవిడ అడిగితే నా దగ్గర జవాబు లేదు.

అమ్మకి మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడవలేదు. ఆ రాత్రికి చిన్లీ అనే ఊళ్లో గది తీసుకున్నాం. గనాడోలో గంట సరిపోతుందా? నవాహో రగ్గు ఒకటి కొనాలని నాకు చాలాకాలంగా కోరిక. అసలుదో కాదో ఎలా తెలుస్తుంది? ఫొటోలు తీసుకోవచ్చా?

పడుగుపేక రాశారు:

నేను నాలుగుసార్లు వెళ్లాను. మొదటిసారి బయటి నుంచే చూసి తిరిగొచ్చాను, కాబట్టి ముందు ఆ సంగతే చెబుతాను.

అమెరికాలో చాలాచోట్ల వేసవికి గడియారం గంట ముందుకు జరుపుతారు, మన అరిజోనాలో మార్చరని మీకు తెలుసు. నవాహో నేషన్‌లో మారుస్తారు. అంటే జూన్‌లో గనాడో మీ ఫీనిక్స్ కంటే గంట ముందు ఉంటుంది. నా చేతి గడియారంలో నాలుగు, అక్కడ ఐదు, తలుపులు మూసేశారు! పైగా నవాహో నేల మధ్యలో హోపీ అనే ఇంకో ఆదివాసీ తెగ వాళ్ల నేల ఉంది, వాళ్లది మళ్లీ ఫీనిక్స్ టైమే. ఆ దారుల్లో ఫోన్ గడియారం ఎటు తిరుగుతుందో చెప్పలేం, దాన్ని నమ్ముకోకండి. తెరిచే వేళలు బయల్దేరే ముందు చూసుకుని, వాటిని నవాహో టైముగానే లెక్కేసుకోండి.

దారి సులువే. ఐ-40 హైవే మీద చేంబర్స్ అనే ఊరి దగ్గర ఉత్తరానికి తిరిగి 191 నంబరు రోడ్డు పట్టుకుంటే సుమారు 40 మైళ్లు. పెట్రోల్ సగానికి వస్తే కనిపించిన బంకులో నింపేయండి. నవాహో నేషన్‌లో మద్యం నిషేధం, కారులో కూడా ఉంచుకోకండి.

ఇక కొట్టు. జాన్ లొరెంజో హబుల్ అనే ఆయన 1878లో దీన్ని కొన్నాడు. అప్పటికి నవాహో వాళ్లు సొంత నేలకి తిరిగొచ్చి పదేళ్లే. 1864లో సైన్యం వాళ్లను వందల మైళ్లు నడిపించి న్యూ మెక్సికోలోని బాస్క్ రెడొండోలో నిర్బంధించింది. 1868 ఒప్పందం తర్వాత వదిలిపెట్టింది. గొర్రెలు పోయాయి, తోటలు నరికేశారు. ఆ నిర్బంధంలోనే గోధుమ పిండి, కాఫీ, పంచదార అలవాటయ్యాయి. వాటిని అమ్మి, బదులుగా ఉన్ని, గొర్రెపిల్లలు, నేసిన కంబళ్లు తీసుకునే కొట్లు ఆ తర్వాత పుట్టుకొచ్చాయి. వసంతంలో ఉన్ని, శరదృతువులో గొర్రెపిల్లలు. మధ్యలో అంతా ఖాతా.

లోపల అడుగుపెట్టగానే చెక్క నేల కిర్రుమంటుంది. ఆ మొదటి గదిని బుల్‌పెన్ అంటారు. మూడు పక్కలా ఎత్తైన, వెడల్పాటి బల్లలు. అవతల సరుకు వైపు చెయ్యి చాపినా అందదు. మొదటిసారి నిలబడ్డప్పుడు అది నాకు కాస్త అవమానంగానే అనిపించింది. దూలాలకి వేలాడే లాంతర్లు, గుర్రపు జీను సామాన్లు చూస్తూ ఉంటే మాత్రం టైం తెలియదు. అది మ్యూజియం కాదు, కొట్టే. మీ పక్కన నిలబడ్డావిడ నిజంగానే సరుకు కొనుక్కోవడానికి వచ్చి ఉండొచ్చు. ఆమెకి అడ్డంగా నిలబడి సెల్ఫీలు తీసుకోకండి. గోడలూ బల్లలూ తీసుకోండి, మనుషుల్ని మాత్రం అడగకుండా తీయకండి. వద్దంటే వద్దనే.

రగ్గుల గది వేరే. గోడ మీద చిన్న చిన్న చిత్రాలుంటాయి, ఒక్కోదాంట్లో ఒక రగ్గు నమూనా. "ఇలాంటిది నేసి తెండి" అని నేతగత్తెలకి చూపించడానికి హబుల్ గీయించినవి. అంతకుముందు వాళ్లు నేసింది ఒంటికి చుట్టుకునే కంబళి. తూర్పు రాష్ట్రాల వాళ్లకి నేల మీద పరిచేది కావాలి కాబట్టి అది మందంగా, అంచుతో, రగ్గుగా మారింది. ఆయన 1902లో కేటలాగ్ కూడా అచ్చేయించాడు. ఎర్రటి నేపథ్యం మీద మధ్యలో మెట్లు మెట్లుగా పెద్ద వజ్రం, నలుపు, తెలుపు, బూడిద రంగులు, చుట్టూ ముదురు అంచు ఉంటే అది గనాడో రకం. ఆ ఎరుపు కొట్లో అమ్మిన రసాయన రంగు. బూడిద రంగుకి సాధారణంగా అద్దకం ఉండదు, నల్ల ఉన్ని, తెల్ల ఉన్ని కలిపి ఏకుతారు.

మాది మగ్గం ఉన్న ఇల్లు, అందుకే నా చెయ్యి ముందు రగ్గు వెనక్కే పోతుంది. మీరూ తిరగేసి చూడండి. రెండు వైపులా నమూనా ఒకేలా ఉండాలి. తర్వాత కొసలు. నవాహో మగ్గం నిలువుగా నిలబెట్టింది, పేకని అటూ ఇటూ తీసుకెళ్లే నాడె ఉండదు, దాన్ని దగ్గరికి కొట్టే పన్నె ఉండదు. పేకని చేత్తోనే దూర్చి, చెక్క దువ్వెనతో కిందికి కొడుతూ కింది నుంచి పైకి నేస్తారు. పడుగు పైకీ కిందికీ తిరిగే ఒకే పోగు. మగ్గం మీంచి దించేటప్పుడు కత్తిరించాల్సింది ఏమీ లేదు, కాబట్టి కుచ్చులు రావు. రోడ్డు పక్కన కుచ్చులతో కనిపించే 'నవాహో డిజైన్' రగ్గులు చాలావరకు మెక్సికో నుంచి వచ్చేవి. కుచ్చులున్న నవాహో రకాలూ కొన్ని లేకపోలేదు, ఆ ఒక్క గుర్తుతోనే తేల్చేయకండి. వెలుతురుకి ఏటవాలుగా పట్టుకుంటే ఐమూలగా సన్నటి గీతలు కనబడొచ్చు. నేతగత్తె ఒక భాగం నేసి, పక్కకి జరిగి ఇంకో భాగం నేసిన చోట అవి పడతాయి. వాటిని లేజీ లైన్స్ అంటారు. అంత పనికి ఆ పేరు ఎవరు పెట్టారో గానీ! కొన్నిట్లో లోపలి రంగు నుంచి అంచు దాటి బయటికి ఒక సన్నపోగు పోతుంది. అది లోపం కాదు, నేతగత్తె మనసు అందులో చిక్కుకుపోకుండా వదిలిన దారి.

చిన్నవి వందల డాలర్లు, గదికి పరిచేవి వేల డాలర్లు. నేసినవారి పేరున్న చీటీ అడగండి. మన చీరల కొట్లో అడిగినట్టు సగం ధర మాత్రం అడక్కండి.

మీ అమ్మగారికి ఇబ్బంది ఉండదు, నేల చదునే. హబుల్ ఇల్లు కూడా చూపిస్తుంటే వదలకండి, దూలాల మధ్య కప్పంతా బుట్టలు బిగించి ఉంటాయి. పాపకి చూడ్డానికి గొర్రెలుంటాయి. గంట కాదు, రెండున్నర పెట్టుకోండి.

ఎర్రమట్టి రాశారు:

పడుగుపేక గారు బాగా రాశారు, కానీ హబుల్‌ని మరీ మంచి షావుకారుగా ఊహించుకోకండి. 1886లో మశూచి వచ్చినప్పుడు ఆయన ఇల్లే ఆస్పత్రి అయింది, నిజమే. ఎదురుగా కనిపించే గుట్ట మీద ఆయన పక్కనే మెనీ హార్సెస్ అనే నవాహో మిత్రుడి సమాధి ఉంది, అదీ నిజమే. కానీ మైళ్ల దూరంలో ఇంకో కొట్టు లేనిచోట ఉన్ని ధరా ఆయనే చెప్పి, పిండి ధరా ఆయనే చెబితే బేరం ఎక్కడుంటుంది? ఆ ఎత్తు బల్ల ఊరికే పెట్టలేదు. వెండి, మణుల నగలు తాకట్టు పెట్టి సరుకు తెచ్చుకునేవాళ్లు. ఆ కొట్ల పద్ధతి మీద ఫిర్యాదులు పెరిగి, చివరికి వ్యాపారాల మీద నిఘా పెట్టే అమెరికా ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ విచారణ చేసి 1973లో నివేదిక ఇచ్చింది. నేను హబుల్ ఒక్కడి గురించి అనడం లేదు, ఆ పద్ధతి గురించి అంటున్నాను.

పడుగుపేక రాశారు:

ఒప్పుకుంటాను. మా నాన్నకి నూలు అప్పిచ్చినాయనే చీర ధర కట్టేవాడు. ఆ గదిలో నాకు అవమానంగా అనిపించింది బహుశా అందుకేనేమో, మీరు చెప్పేదాకా తట్టలేదు. అయినా ఆ నేతని మెచ్చుకోకుండా ఉండలేను. అది షావుకారుది కాదు కదా.

కొండగాలి రాశారు:

వెళ్లొచ్చాం. ఫీనిక్స్‌లో గంట ముందే బయల్దేరాం, అదే కాపాడింది. చేంబర్స్ దాటాక నా ఫోన్ ఒక టైము, మా ఆవిడ ఫోన్ ఒక టైము చూపించాయి.

బుల్‌పెన్‌లో అందరికంటే ఎక్కువసేపు నిలబడింది మా ఆవిడే. ఆ బల్ల మీద మోచేతులు ఆనించి చూసి, "నాకే ఇంత ఎత్తుంటే పిల్లని ఎత్తుకొచ్చినావిడ సంగతేంటి?" అంది. ఎర్రమట్టి గారి మాట అప్పుడు అర్థమైంది.

విజిటర్ సెంటర్లో ఒక పెద్దావిడ నేస్తున్నారు. మా అమ్మ పక్కన కుర్చీ లాక్కుని కూర్చుంది. ఇద్దరికీ భాష కలవదు. ఆవిడ పేక దువ్వెనతో కొడుతుంటే అమ్మ చూస్తూనే ఉంది. ముప్పావుగంట తర్వాత కూడా లేవనంది. ఫొటో అడిగితే ఆవిడ తల అడ్డంగా ఊపారు, చేతులు మాత్రం తీసుకోమన్నారు.

పెద్ద రగ్గు మా వల్ల కాలేదు. అడుగున్నర రగ్గు ఒకటి, చీటీతో కొన్నాం. కుచ్చులు లేవు. ఐమూల గీత నాకు కనిపించలేదు, హోటల్ గదిలో దీపం దగ్గర పెట్టి పాప వెతికి పట్టుకుంది. రెండు ఉన్నాయట.