సమస్య: చెంబు నీళ్లఁ దెగెను జెఱువు కట్ట

నిర్వాహకుడు: ఇది ఆటవెలది నాలుగో పాదం, ముందు మూడు పాదాలు మీరు పూరించాలి. యతి చెం–జె. వస్తువు, నీటిలో ఒత్తిడి చేసే పని. కలలో తెగిందనో, పిల్లలు కట్టిన ఇసుక కట్ట అనో దాటేయకండి. నిజం చెరువు తెగాలి, కారణం పద్యంలోనే ఉండాలి.

అలుగుగట్టు:
అలుగు పాఱలేక యంచుల నిండఁగ
వాన కురిసి కురిసి వరద రాఁగఁ
గట్ట మీఁది కెక్కి గాలికిఁ దొణికిన
చెంబు నీళ్లఁ దెగెను జెఱువు కట్ట

నిర్వాహకుడు: ధార బాగుంది, ‘తొణికిన’ చక్కగా పడింది. అలుగు పూడితే కట్ట పొర్లి తెగడమూ నిజమే. కానీ ఇక్కడ కట్టను కోసింది పారే నీటి వేగం. ఒత్తిడి ఊసే రాలేదు.

రేగడినేల:
నిలువు చీలికందు నీరింత చేరిన
లోతుఁ గొలిచి యొత్తు లోటు లేక
కొంచెమైనఁ జాలుఁ గొండంత బలమిచ్చు
చెంబు నీళ్లఁ దెగెను జెఱువు కట్ట

పాస్కల్ పేర చెప్పే పీపా ప్రయోగమే నా ఆధారం. నిండిన పీపాలో పొడవాటి సన్న గొట్టం దిగేసి కాసిని నీళ్లు పోస్తే పీపా పగులుతుంది. ఎండాకాలం రేగడి కట్టలు నిలువునా నెర్రెలిస్తాయి కదా.

నిర్వాహకుడు: రెండో పాదం నాకు ఎంతో నచ్చింది. ఒత్తిడికి లోతే కొలత, నీరెంతుందన్నది కాదు. పది మీటర్ల లోతున చదరపు మీటరుకు సుమారు 10 టన్నుల బరువంత తోపు, చెరువు పెద్దదైనా నెర్రె సన్నదైనా. అయితే కట్ట ఇసుమంత కదలగానే నెర్రె వెడల్పవుతుంది, ఆ చెంబెడు నీళ్ల మట్టం పడిపోతుంది, తోపూ పోతుంది. పగులు మొదలవుతుంది గాని కట్ట తెగదు.

పొలంగట్టు:
ఎండ్రకాయ తొలిచి యిడిన బొక్కనుఁ బట్టి
లోన నొత్తి డెదుగ లోతు కొలఁది
మట్టి నీడ్చి యీడ్చి మడివైపుఁ బొంగిన
చెంబు నీళ్లఁ దెగెను జెఱువు కట్ట

నిర్వాహకుడు: అసలు సంగతి పట్టారు. ముందు వ్యాకరణం: ‘ఒత్తిడి + ఎదుగ’లో ఇకారానికి సంధి చెల్లదు. ‘లోన నొత్తు పెరుగ’ అంటే గణమూ కుదురుతుంది.

ఇక విషయం. ఒత్తిడి ఎంతున్నా అదొక్కటే నీటిని కదపదు. నిలిచిన చెరువులో ఏ పొర తీసుకున్నా కింది ఒత్తిడి పైదానికన్నా ఎక్కువ. ఆ ఎక్కువ సరిగ్గా ఆ పొర బరువును మోయడానికే సరిపోతుంది. అందుకే నీరు కదలదు. కట్టలో అలా కాదు. చెరువువైపు నిండు లోతు ఒత్తిడి, మడివైపు వట్టి గాలి. ఆ తేడా కట్ట మందమంతా పరుచుకుంటే ఊట మెల్లగా వస్తుంది. ఎండ్రకాయ బొక్క ఆ దారిని కురచ చేస్తుంది. అదే తేడా కొద్ది దూరంలోనే పడిపోవాలి కాబట్టి మట్టి రేణువుల మీద తోపు పెరుగుతుంది. కట్ట అడుగున పైకి ఉబికే నీటి తోపు, నీటిలో మునిగిన మట్టి బరువుకు సమానమైతే ఇసుక ఉడుకుతున్నట్టు లేస్తుంది. బుంగ అక్కణ్ణుంచి లోపలికి, చెరువువైపు తొలుచుకుంటూ పోతుంది. పైకి కనిపించేది చెంబెడు బురదనీళ్లే.

1369 నాటి పోరుమామిళ్ల చెరువు శాసనం కట్టలోంచి నీరు ఊరడాన్ని చెరువు దోషాల్లో లెక్కపెట్టింది. ఆ పెద్దల చూపుకు దండం పెట్టాలి.

రేగడినేల: ఊట తేటగా వస్తే?

నిర్వాహకుడు: తేటగా వస్తే కనిపెట్టుకుని ఉండాలి. మట్టిరంగు తిరిగితే ఆలస్యం పనికిరాదు. నోటి దగ్గర బంకమట్టి కుక్కితే లోపల ఒత్తిడి నిలిచి ఇంకోచోట ఉబుకుతుంది. ఇసుక, దానిమీద కంకర పరిస్తే నీరు పోతుంది, మట్టి నిలుస్తుంది.

పొలంగట్టు: సవరణ శిరోధార్యం అండీ. ‘లోన నొత్తు పెరుగ లోతు కొలఁది’ అని మార్చాను.

నిర్వాహకుడు: ఈ పూరణకే నా ఓటు. ఆ ఇసుక–కంకర పరుపును మూడో పాదంలో ఇమిడ్చి, ‘తెగెను’ను ‘తెగునె’ చేసి ప్రశ్నగా ఎవరైనా రాయండి. యతి చెడదు.