‘హ్యాండిచ్చాడు’, ‘బోర్ కొడుతోంది’, ‘బొక్క’: కుర్రకారు మాటలు పిల్లలకు ఎలా చెప్పాలి?

వారాంతపు_బడి:

నమస్కారమండీ. డాలస్‌లో హైస్కూల్ వయసు పిల్లలకు శని, ఆదివారాల్లో తెలుగు చెబుతున్నాం. వేసవిలో హైదరాబాద్, విజయవాడ వెళ్లొచ్చిన పిల్లలు అక్కడి బావలు, వదినల నోట విన్న మాటలు పట్టుకొచ్చి అర్థం అడుగుతున్నారు. నిఘంటువు తీస్తే పాత అర్థమే ఉంటుంది. ‘తోపు’ అంటే చెట్ల తోట అని చెబితే పిల్లలకు ఏం లాభం?

లైట్ తీస్కో, బిస్కెట్, తోపు, సొల్లు, పులిహోర, బొక్క, దొబ్బడం, హౌలే: వీటికి అర్థంతో పాటు ఏ క్రియతో వాడాలో, ఎవరితో అనొచ్చో, ఎవరి ముందు అనకూడదో కూడా కావాలి. ఎక్కువగా దొర్లే తప్పులు రెండు. విసుగ్గా ఉందనడానికి ‘నేను బోర్ కొడుతున్నాను’ అంటున్నారు. స్నేహితురాలు సాయం చేసిందనడానికి ‘నాకు హ్యాండిచ్చింది’ అంటున్నారు.

పదాల_పెట్టె:

ఆ రెండు తప్పులకీ కారణం ఒకటే. ఈ మాటల్లో ఇంగ్లీషు ముక్క పైపై తొడుగు మాత్రమే, అర్థం నడిపించేది వెనకున్న తెలుగు క్రియ. కాబట్టి విడి మాటగా ఎప్పుడూ చెప్పకండి, క్రియతో కలిపి జంటగా చెప్పండి.

‘బోర్ కొట్టడం’లో దెబ్బ తినేవాడికి ‘కు’ చేరాలి. నాకు బోర్ కొడుతోంది, అక్కకి బోర్ కొట్టింది. నాకు ఆకలేస్తోంది, నాకు నిద్రొస్తోంది అనే వరసలోనే ఇదీ అని చెబితే పిల్లలకు వెంటనే ఎక్కుతుంది. ‘నేను బోర్ కొడుతున్నానా?’ అంటే ‘మిమ్మల్ని విసిగిస్తున్నానా?’ అని అర్థం. అదీ సరైన వాక్యమే, అందుకే ఈ తప్పు వినేవాళ్లకు తప్పులా తోచదు, వేరే అర్థం వెళ్లిపోతుంది.

‘హ్యాండివ్వడం’ అంటే వస్తానని, చేస్తానని ఒప్పుకుని తీరా సమయానికి ఎగ్గొట్టడం. ‘సినిమాకి టికెట్లు కూడా తీశాక హ్యాండిచ్చాడు.’ సాయానికైతే ‘ఓ చెయ్యి వేసింది’ అనాలి. ‘చెయ్యి చేసుకుంది’ అంటే కొట్టిందని. ఈ మూడూ ఒకే రోజు, ఒకే బల్ల మీద పెట్టి చెప్పండి.

బిస్కెట్ క్రియను బట్టి తిరిగిపోతుంది. ‘బిస్కెట్ వేశాడు’ అంటే పని కోసం పొగిడాడు. ‘సోప్ వేశాడు’, ‘కాకా పట్టాడు’ కూడా అంతే. ‘బిస్కెట్ అయ్యాడు’ అంటే వాడే నవ్వులపాలయ్యాడు, అనుకున్నది బెడిసికొట్టింది. వేసినవాడు తెలివైనవాడు, అయినవాడు అమాయకుడు. ఆ తేడా పోతే కబురు మొత్తం తలకిందులవుతుంది.

‘లైట్ తీస్కో’ అంటే పట్టించుకోకు అని. ఇందులో మెళకువ వాక్యంలోని కర్మ (‘ఎవరిని’, ‘దేన్ని’ అన్నదానికి జవాబు) దగ్గర ఉంది. పరీక్ష పోయిన స్నేహితుడితో ‘లైట్ తీస్కో రా’ అంటే ఓదార్పు. ‘నన్ను లైట్ తీసుకుంటున్నాడు’ అంటే నాకు విలువ ఇవ్వట్లేదన్న ఫిర్యాదు. ‘దానికి లైట్ తీసుకో’ అని పిల్లలు అంటారు, అది తప్పు, ‘దాన్ని’ అనాలి. ఎవరైనా నిజంగా బాధలో ఉన్నప్పుడు, ఇంట్లో చావు జరిగినప్పుడు, ఈ మాట ఎంత ప్రేమగా అన్నా గుచ్చుకుంటుంది.

‘తోపు’ మెచ్చుకోలు: మ్యాథ్స్‌లో వాడు తోపు. ముందు ‘పెద్ద’ చేరి ప్రశ్నగా మారితే ఎత్తిపొడుపు: నువ్వేమైనా పెద్ద తోపా? ‘అంత సీన్ లేదు’ అన్నది దీనికి జవాబుగా వస్తుంది, అంత సత్తా లేదని. ‘ఫీలవ్వడం’ గురించి కూడా చెప్పండి. ఇంగ్లీషులో మంచికీ చెడుకీ వాడే మాట తెలుగులో ఒంటరిగా వస్తే నొచ్చుకోవడమే: ‘అమ్మ ఫీలైంది’ అంటే అమ్మ బాధపడింది. ‘హీరోలా ఫీలవుతున్నాడు’ అంటే తనను తాను అలా ఊహించుకుంటున్నాడు.

గోల్కొండ_గోదారి:

పైవన్నీ రెండు రాష్ట్రాల్లోనూ చెల్లుతాయి. మీ జాబితాలో జాగ్రత్త పడాల్సినవి బొక్క, దొబ్బడం, హౌలే.

తెలంగాణలో బొక్క అంటే ఎముక. ‘కాలు బొక్క ఇరిగింది’ అన్నది ఆసుపత్రిలో డాక్టరు ముందు చెప్పే మామూలు మాట. కోస్తాలో బొక్క అంటే కన్నం: జేబుకి బొక్క పడింది. దాని మీదే ‘బొక్కలో వేస్తారు’ అంటే జైల్లో పెడతారని, ‘పదివేలు బొక్క’ అంటే నష్టమని వచ్చాయి. పిల్లాడి అమ్మ కరీంనగర్, నాన్న గుంటూరు అయితే ఒకే ఇంట్లో రెండర్థాలూ తిరుగుతుంటాయి. ‘అమ్మ అన్నది బూతా?’ అని పిల్లలు అడగకముందే మీరు చెప్పేయడం మంచిది. అమ్మ మాటలో తప్పేమీ లేదు.

దొబ్బడానికి పాత అర్థం నెట్టడం. ఇప్పుడు ఒక్కో రూపం ఒక్కో దారి పట్టింది. ‘పెన్ను దొబ్బేశాడు’: కొట్టేశాడు. ‘ఫోన్ దొబ్బింది’: పాడైంది. ‘ఇంట్లో దొబ్బులు పడ్డాయి’: తిట్లు పడ్డాయి. ‘దొబ్బెయ్’: ఇక్కణ్ణుంచి పో. మొదటి మూడూ స్నేహితుల మధ్య గడుస్తాయి. నాలుగోది తిట్టు, దాంతో గొడవలవుతాయి. పెద్దల ముందు ఏ రూపమూ వద్దు. ‘పాడైంది’, ‘తిట్లు తిన్నాను’ చాలు.

‘హౌలే’ హైదరాబాద్ మాట, తెలివితక్కువవాడని. ఎదురుగా పిలిస్తే ‘హౌలే’, మూడో మనిషి గురించైతే ‘హౌలాగాడు’. ‘హౌ’తో కలిపేసుకోకండి. హైదరాబాదీ ఉర్దూలో ‘హౌ’ అంటే అవును, ‘నక్కో’ అంటే వద్దు. ‘నక్కో’ మరాఠీ నుంచి దక్కనీ ఉర్దూలోకి వచ్చి నగరంలో స్థిరపడింది. ఇవి తెలుగు వాక్యంలోనూ దొర్లుతుంటాయి, తప్పు పట్టక్కర్లేదు. ‘ఏం బే’లో ఉన్న ‘బే’ మాత్రం చాలా మొరటు. కొత్తవాళ్లతో అంటే కయ్యానికి కాలు దువ్వినట్టే.

పిలుపులు కూడా నేర్పండి. మామా, బావా ఎక్కడైనా నడుస్తాయి. తెలంగాణలో కాకా, అన్నా, భాయ్. కడప, కర్నూలు వైపు అబ్బీ. ఉత్తరాంధ్రలో కుర్రాణ్ణి గుంటడు అంటారు. తెలంగాణలో ‘పోరి’ తోటివాళ్ల మాటల్లో సహజంగా వస్తుంది. ముక్కూ మొహం తెలియని అమ్మాయిని ఎదురుగా అలా పిలిస్తే అమర్యాద.

వారాంతపు_బడి:

చాలా ఉపయోగం. రెండు సందేహాలు మిగిలాయి. అమ్మాయిలు ఒకరినొకరు ‘రా’ అనుకోవడం తప్పని కొందరు తల్లిదండ్రులు అంటున్నారు, నిజమేనా? ఇక సొల్లు, సోది, సుత్తి, డబ్బా అన్నీ ఒకటేనా?

తెలుగు_లెక్క:

‘రా’ తప్పు కాదు. వ్యాకరణంలో మగవాణ్ణి పిలిచేదే అయినా ఇప్పుడు అమ్మాయిల మధ్య అది చనువు, ముద్దు. ‘ఏమైంది రా, తిన్నావా?’ అన్నదాంట్లో ప్రేమ తప్ప ఇంకేమీ లేదు. ‘ఒసేయ్’, ‘ఏంటే’ కూడా ప్రాణస్నేహితుల మధ్య ఉన్నాయి, కానీ అబ్బాయి నోట వస్తే చాలామంది అమ్మాయిలకు నచ్చదు. ఒక హద్దు గట్టిగా చెప్పండి: అవతలివాళ్లు ‘మీరు’ అంటున్నంత కాలం మనం ‘రా’కి దిగకూడదు.

రెండోదానికొస్తే, నాలుగూ వేరు. సొల్లు అసలు అర్థం నోట్లోంచి కారే చొంగ. ‘సొల్లు చెప్పకు’ అంటే పస లేని మాటలు ఆపమని, ‘సొల్లు కార్చుకుంటున్నాడు’ అంటే ఆశగా గుడ్లప్పగించి చూస్తున్నాడని. సోది ఎరుకలవాళ్లు చెప్పే జోస్యం నుంచి వచ్చింది, తెగని సాగతీతకు వాడతారు. సుత్తి అదే పనిగా బుర్ర తినడం. 1980లలో జంధ్యాల సినిమాలతో ఇది ఇంటింటి మాటైంది, వీరభద్రరావు, వేలు అనే ఇద్దరు నటులకు పేరు ముందు ‘సుత్తి’ అతుక్కుపోయింది. డబ్బా తన గొప్ప తానే వాయించుకోవడం. కాబట్టి లెక్చరర్ పాఠం సోది కావచ్చు, డబ్బా కాకపోవచ్చు. నలభై దాటినవాళ్లు సుత్తి అంటారు, కాలేజీ పిల్లల నోట సోది, సొల్లు ఎక్కువ.

పులిహోర ఈ తరం మాట. అమ్మాయితోనో అబ్బాయితోనో తియ్యగా మాట కలిపి ఆకట్టుకోవాలని చూడటమే ‘పులిహోర కలపడం’. ఎప్పుడూ ‘కలపడం’ క్రియే, ‘చేయడం’ అంటే వంటే. ఆటపట్టించడానికి పనికొస్తుంది. అవతలి మనిషి వద్దంటున్నా వెంటపడేవాడి పనికి ఈ సరదా మాట తొడగొద్దు. అది వేధింపు, అలాగే అనాలి.

ఫిగర్, పీస్, ఐటమ్ అని అమ్మాయిలను అనే మాటలకు అర్థం చెప్పండి, వాక్యం మాత్రం రాయించకండి. ఇంకోటి, ఎవరూ పట్టించుకోనిది: ‘చండాలంగా ఉంది’. సినిమా బాలేకపోతే, కూర కుదరకపోతే రెండు రాష్ట్రాల్లోనూ అలవోకగా అనేస్తారు. అది ఒక కులాన్ని తక్కువ చేస్తూ పుట్టిన మాట. అదే తరగతిలో ఆ మాట తగిలే ఇంటి పిల్లలు కూర్చుని ఉంటారు. ‘ఘోరంగా ఉంది’, ‘దరిద్రంగా ఉంది’, ‘చెత్తగా ఉంది’ అని మూడున్నాయి, అవి నేర్పండి.

బోర్డు మీద రాసేటప్పుడు ప్రతి జంట పక్కన ముగ్గురిని పెట్టండి: స్నేహితుడు, అక్క, తాతయ్య. ముగ్గురితోనూ అదే సంగతి ఎలా చెబుతారో రాయించండి. ‘వాడు హ్యాండిచ్చాడు రా’, ‘వస్తానని రాలేదక్కా’, ‘వస్తానన్నాడు కానీ రాలేదు తాతయ్యా’. పది జంటలకు ఇలా రాయిస్తే ఒక క్లాసు సరిపోతుంది.