సుబ్బు ఆర్ముగం విల్లుపాట్టు: బుర్రకథకు ఎంత దగ్గర?

ప్రశ్న: 2021లో పద్మశ్రీ పొందిన తమిళ కథాగాయకుడు సుబ్బు ఆర్ముగం గారి విల్లుపాట్టు వీడియో చూశాను. మన బుర్రకథకూ దీనికీ తేడా ఏమిటో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: బుర్రకథకుడు తంబూర మీటుతూ అడుగులు వేస్తాడు, విల్లుపాట్టు బృందమంతా కూర్చునే ఉంటుంది. గజ్జెలు కట్టిన పొడవాటి వింటిని కుండపై ఆనించి, ప్రధాన గాయకుడు రెండు కర్రలతో నారిని కొడుతూ కథ నడుపుతుంటే, ఒకరు ఆ కుండ మూతిని చరుస్తారు, మిగతావారు ఉడుక్కై (డమరుకం లాంటి చిన్న వాద్యం), తాళాలు వాయిస్తూ "ఆమా" (అవును) అని వంత పలుకుతారు.

మరో జవాబు: 1928లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన ఆయనను మద్రాసుకు రప్పించినది హాస్యనటుడు ఎన్.ఎస్. కృష్ణన్. గ్రామదేవతల జాతరల్లో పాడే పద్ధతిలోనే గాంధీ కథను కూడా వినిపించడం, నా దృష్టిలో, ఆయన చేసిన అసలైన పని. 2022 అక్టోబరులో కన్నుమూశారు.

ప్రశ్నించినవారు: ధన్యవాదాలండీ. ఆయన కుమార్తె భారతి తిరుమగన్ గారి ప్రదర్శనలు కూడా చూస్తాను.