75 శాతానికి వెయ్యి, 80 శాతానికి 3500: వికలాంగుల భత్తాలో ఈ గీత న్యాయమేనా?

కాశీనగర్ కుట్టుమిషన్:
అందరికీ నమస్కారం. మాది ఒడిశాలో గజపతి జిల్లా కాశీనగర్ దగ్గర ఊరు. మా అన్నయ్యకి రెండేళ్ళప్పుడు పోలియో వచ్చింది. ఇప్పుడు 46 ఏళ్ళు. రెండు కాళ్ళూ పనిచెయ్యవు. ఇంట్లో, వాకిట్లో చేతుల మీద పాకుతూనే తిరుగుతాడు. సర్టిఫికెట్‌లో 75 శాతం అని రాశారు. రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే మధుబాబు పింఛను, మేం భత్తా అంటాం, నెలకి 1000 వస్తోంది.

2025 జనవరి నుంచి ఒడిశాలో 80 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్ళకీ, 80 ఏళ్ళు దాటినవాళ్ళకీ భత్తా 3500 చేశారు. మంచి పనే, సంతోషించాను. మా వీధి చివర మంచం మీద ఉన్న పిల్లాడికి ఆ డబ్బు వస్తోంది, వాళ్ళమ్మ కూలికి వెళ్ళడం తగ్గించి వాడి దగ్గర ఉంటోంది. కానీ 80కి కింద ఉన్నవాళ్ళు వెయ్యి దగ్గరే ఉండిపోయారు. మా అన్నయ్యకి అయిదు శాతం తక్కువైంది. ఆ అయిదు శాతం ఖరీదు నెలకి 2500, ఏడాదికి 30,000. పాకే మనిషి 75 శాతమా 80 శాతమా అన్నది మా ఇంట్లో ఏ పనిలో తేడా తెస్తుందో ఎవరైనా చెప్పండి. నీళ్ళు నేనే పొయ్యాలి, బయటికి నేనే ఎత్తుకెళ్ళాలి.

రెండో బాధ వేలిముద్ర. అరచేతుల మీద నడిచేవాడికి వేళ్ళు అరిగిపోవా? మిషన్ మీద ముద్ర పడలేదని ఒక ఆఫీసులో రెండు నెలలు డబ్బు ఆపేశారు. మనిషి ఎదురుగానే కూర్చున్నాడు, అందరూ చిన్నప్పటి నుంచి ఎరిగినవాడే. అయినా మిషన్ ఒప్పుకోలేదని పంపేశారు.

ఇలా శాతాలతో మెట్లు కట్టడం, మాటిమాటికీ రుజువులు అడగడం సరైనదేనా? మీ ఊళ్ళలో ఎలా ఉందో రాయండి.

గుణుపురం మాస్టారు:
అమ్మా, మీ అన్నయ్య కష్టం చదివి బాధ కలిగింది. కానీ నేను మీతో విభేదిస్తున్నాను, మనసులో పెట్టుకోవద్దు.

ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు. గీత ఎక్కడ గీసినా దానికి అంగుళం ఇవతల ఒక మనిషి ఉంటాడు. పైగా 80 అనేది ఒడిశా కొత్తగా కనిపెట్టింది కాదు. కేంద్రం 2009లో పెట్టిన ఇందిరాగాంధీ వికలాంగుల పింఛను కూడా 80 శాతం, ఆపైన ఉన్న పేదలకే. అందులో కేంద్రం ఇచ్చేది 2012 నుంచి 300 రూపాయలే, ఈనాటికీ అంతే. అది సిగ్గుపడాల్సిన సంగతి, దాన్ని నేను సమర్థించను.

ఇక తనిఖీ మాట. నేను 31 ఏళ్ళు బడిపంతులుగా పనిచేశాను, ఎంతోమంది అర్జీలు నా చేత్తో రాశాను. చక్కగా సైకిల్ తొక్కేవాడి చేతిలో వికలాంగుడి సర్టిఫికెట్ చూశాను. కేంద్రం పింఛనులో రాష్ట్రానికి ఇంతమంది అని లెక్క కట్టే ఇస్తారు. ఆ లెక్కలో ఒక దొంగ పేరు దూరితే బయట కూర్చున్న నిజమైన గుడ్డివాడు ఇంకో ఏడాది ఆగాలి. తనిఖీ వద్దనేవాళ్ళు ఆ ఆగినవాడి మొహం చూసి మాట్లాడాలి.

పాతపట్నం నుంచి:
మేం ఇవతల ఆంధ్రలో ఉన్నాం, ఒడిశా వైపు పర్లాకిమిడి మాకు సంత ఊరు. మా దగ్గర 2024 జులై నుంచి వికలాంగుల పింఛను 3000 కాస్తా 6000 అయ్యింది. పూర్తిగా మంచాన పడినవాళ్ళకి 15,000. ఏటికి అటూ ఇటూ ఒకే రకం కాళ్ళు, ఒకే రకం కళ్ళు. అటు వెయ్యి, ఇటు ఆరు వేలు.

కానీ డబ్బు పెరిగాక తనిఖీ కూడా పెరిగింది. 2025లో అందరికీ మళ్ళీ డాక్టరు పరీక్షలు పెట్టారు. మా మావయ్య మంచం మీద ఉన్నాడని డాక్టర్లు ఇంటికే వచ్చారు. మర్యాదగానే చూశారు, నేను తప్పు పట్టను. మా పక్కింటి అబ్బాయిని మాత్రం ఆస్పత్రికి రమ్మన్నారు. బస్సు మారి, క్యూలో నిలబడి, సాయంత్రానికి పని అయ్యింది. ఆగస్టులో శాతం తగ్గిందని నోటీసు వచ్చింది. ఆ వారం వాళ్ళింట్లో అన్నం ఉడకలేదు. ఎంత టెన్షన్ పడ్డారో మాటల్లో చెప్పలేను. రాష్ట్రమంతా గోల అయ్యాక అప్పీలు పెట్టుకోవచ్చన్నారు. ఇప్పుడు పింఛను వస్తూనే ఉంది. మరి ఆ భయం ఎందుకు పెట్టినట్టు?

మాస్టారూ, తనిఖీ చెయ్యండి, కాదనం. కానీ ముందు తనిఖీ, తర్వాత నోటీసు, తర్వాత అప్పీలు, అదీ తేలాక అప్పుడు ఆపాలి. మన దగ్గర ముందు మనిషిని భయపెట్టి తర్వాత దారి చూపిస్తున్నారు.

రాయగడ అమ్మ:
శాతం గురించి నాదో మాట. మా పాపకి సికిల్ సెల్ అనే రక్తపు జబ్బు. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 21 వైకల్యాలు ఉన్నాయి, అందులో ఇదీ ఉంది. కానీ ఇది కంటికి కనపడదు. పరీక్షకి వెళ్ళిన రోజు పాప నవ్వుతూ నడిచింది. "బాగానే ఉందిగా" అన్నారు. నొప్పి వచ్చిన రాత్రి దాని కేకలకి వీధి మొత్తం లేస్తుంది. ఆ రాత్రికి శాతం ఎవరు వేస్తారు?

ఒక నెలలో పది రోజులు బడికి వెళ్తుంది, ఇంకో నెల అసలు వెళ్ళదు. ఇలాంటి జబ్బుకి ఒక రోజు చూసి ఒక అంకె వెయ్యడమే తప్పు. ఆ అంకె మీద వెయ్యి, మూడున్నర వేలు అని మెట్లు కట్టడం ఇంకా పెద్ద తప్పు. సర్టిఫికెట్ కూడా కొన్నేళ్ళకే ఇస్తారు, గడువు అయితే మళ్ళీ మొదటి నుంచి. పాపకి జబ్బు పోలేదు, కాగితానికి గడువు పోయింది.

పొట్టంగి కుర్రాడు:
కోరాపుట్ జిల్లాలో కొటియా వైపు ఒడిశా, ఆంధ్ర రెండు రాష్ట్రాలూ మావే అంటున్న 21 ఊళ్ళు ఉన్నాయి కదా. అక్కడ చాలామందికి రెండు వైపుల కార్డులూ ఉన్నాయి. వాళ్ళని దొంగలు అనడం విన్నాను. నాకు అలా అనిపించదు. రెండు ప్రభుత్వాలూ మా మనుషులు అని పిలిచి ఇచ్చాయి, వాళ్ళు తీసుకున్నారు. ఆధార్ ఒక్కటే కాబట్టి రేపు ఒక వైపు ఆగుతుంది. ఆగేది ఎక్కువ ఇచ్చే వైపే అయితే వికలాంగులు ఏమైపోవాలి? అదే నా భయం.

సిరొంచ నుంచి:
మేం మహారాష్ట్రలో గడ్చిరోలి జిల్లా వాళ్ళం, గోదావరి ఒడ్డు. మాకు సంజయ్ గాంధీ నిరాధార్ పథకం కింద 1500 వచ్చేది. వికలాంగుల కోసం పోరాడే మా నాయకుడు బచ్చూ కడూ 6000 కావాలని 2025లో నిరాహార దీక్ష చేశారు. ఆ ఏడాదే వికలాంగులకి మాత్రం వెయ్యి పెంచి 2500 చేశారు. ఆరు వేలు రాలేదు, కానీ అడిగితే కొంత కదిలింది. నది దాటితే తెలంగాణలో 4016. మా వాళ్ళు రోజూ ఆ ఒడ్డు వైపు చూస్తూనే ఉంటారు.

కాశీనగర్ కుట్టుమిషన్:
మాస్టారూ, మీ మాట నాకు కోపం తెప్పించలేదు. దొంగ సర్టిఫికెట్ వల్ల నష్టపోయేది మా అన్నయ్యలాంటివాళ్ళే, అది నిజం.

గీత ఎక్కడో గీయాలన్నారు. గీత వేరు, గోడ వేరు. 40కి ఇంత, 60కి ఇంత, 80కి ఇంత అని మెల్లగా పెంచితే ఒక అంకె తప్పినా కొంపలు మునగవు. ఇక్కడ ఒక్కసారిగా మూడున్నర రెట్లు. అందుకే డాక్టరు రాసే అంకె మీద అంత ఒత్తిడి. మీరు చెప్పిన దొంగతనానికి కూడా దారి అక్కడే తెరుచుకుంటుంది కదా.

ఇంకోటి. 2016 చట్టం 24వ సెక్షన్ ఏం చెప్తోందంటే, వికలాంగులకి ఇచ్చే సాయం అలాంటి పథకాల్లోనే మిగతావాళ్ళకి ఇచ్చేదానికంటే కనీసం 25 శాతం ఎక్కువ ఉండాలి. మా ఇంట్లో అమ్మకి ముసలి భత్తా 1000, అన్నయ్యకి వికలాంగుల భత్తా 1000. చట్టం ప్రకారం అన్నయ్యకి 1250 అయినా రావాలి కదా?

గుణుపురం మాస్టారు:
ఆ సెక్షన్ నేనూ తీసి చదివాను. ప్రభుత్వం తన ఆర్థిక స్తోమత మేరకు అనే మాట కూడా అందులో ఉందమ్మా. వాళ్ళు దాన్నే పట్టుకుంటారు. అయితే ఆ మాట పథకాలు పెట్టడం గురించి, 25 శాతం మాట తర్వాత విడిగా ఉంది. నా చదువులో మీ వాదనకే బలం ఎక్కువ. ఈ విషయంలో నేను ఒప్పుకుంటున్నాను.

వేలిముద్ర విషయంలో మొదటే ఒప్పుకోవాల్సింది. 2023 ఏప్రిల్‌లో నబరంగ్‌పూర్ జిల్లా ఝరిగావ్‌లో 70 ఏళ్ళ ముసలమ్మ విరిగిన కుర్చీ ఊతంగా పట్టుకుని ఎండలో చెప్పుల్లేకుండా బ్యాంకుకి నడిచింది, ఆ వీడియో మీరు చూసే ఉంటారు. వేలిముద్ర కలవక పింఛను అందలేదు. కేంద్ర ఆర్థిక మంత్రి మాట్లాడితే గానీ అధికారులు కదల్లేదు. ప్రతి ఊళ్ళోనూ ఒక వీడియో తీసేవాడు ఉండడు. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు కూడా ఈ-కేవైసీని, అంటే మిషన్ మీద మనిషిని గుర్తించే పద్ధతిని, వికలాంగులకి అనువుగా మార్చాలని తీర్పు ఇచ్చింది. కళ్ళు ఆర్పలేని యాసిడ్ దాడి బాధితులు వేసిన కేసు అది. మిషన్ ముందు కన్ను ఆర్పలేకపోతే మనిషే కాదన్నట్టు చేస్తున్నారని వాళ్ళ గోడు.

తనిఖీ మాత్రం ఉండాలన్న మాట మీదే ఉన్నాను. కానీ పాతపట్నం వారు చెప్పిన వరసలో ఉండాలి. అనుమానం ఉన్న అధికారులే ఇంటికి రావాలి, పాకేవాడిని రమ్మనకూడదు.

ఇంతకీ, అన్నయ్య శాతం మళ్ళీ చూడమని అర్జీ పెట్టారా? 59వ సెక్షన్ కింద సర్టిఫికెట్ మీద అప్పీలు చేసుకునే హక్కు ఉంది.

కాశీనగర్ కుట్టుమిషన్:
పెట్టలేదు మాస్టారూ. భయం. 75 కాస్తా 60 అయితే?

గుణుపురం మాస్టారు:
60 అయినా వెయ్యి పోదు. 40 కంటే కిందికి దిగితేనే పోతుంది, రెండు కాళ్ళూ లేనట్టున్న మనిషికి అంత దించరు. పోగొట్టుకునేది ఏమీ లేదమ్మా.

కాశీనగర్ కుట్టుమిషన్:
ఇంకో చిక్కు ఉంది. కాగితాలన్నీ ఒడియాలో ఉంటాయి. నేను తెలుగు బళ్ళో ఏడు దాకా చదివాను, ఒడియా మాట్లాడతాను గానీ రాయలేను. డబ్బు ఆగినప్పుడు ఇచ్చిన చీటీలో ఏముందో పది రోజుల తర్వాత తెలిసింది.

రాయగడ అమ్మ:
ఆ చీటీ సంగతి మాదీ అంతే చెల్లీ. మా పాప ఒడియా మీడియం కాబట్టి అదే చదివి చెప్పింది. జబ్బు ఉన్న పిల్ల తన గడువు కాగితం తనే చదువుకుంది.

గుణుపురం మాస్టారు:
చెల్లెమ్మా, ఒడియాలో నేను రాసిస్తాను. సర్టిఫికెట్, యూడీఐడీ అనే వికలాంగుల గుర్తింపు కార్డు, ఆధార్ మూడూ జెరాక్స్ తీసి ఉంచండి. వేలిముద్ర పడలేదని ఇచ్చిన ఆ చీటీ కూడా పారెయ్యకండి, అదే ముఖ్యం. అప్పీలు ఒకటి, వేలిముద్ర బదులు వేరే పద్ధతి కావాలని ఇంకొకటి, రెండు అర్జీలు వేరువేరుగా పెడదాం. సోమవారం గ్రీవెన్స్ రోజు, పర్లాకిమిడి కలెక్టరాఫీసుకి నేను వస్తాను. అన్నయ్యని తీసుకురావద్దు.

కాశీనగర్ కుట్టుమిషన్:
ఆయనే వస్తానంటున్నాడు మాస్టారూ. తన మాట తనే చెప్తాడట. ఆటో మాట్లాడాను.