టూల్ కొత్త వెర్షన్‌కి మారాక పాత లింకులు పనిచేయట్లేదు

ప్రశ్న: మా డాక్యుమెంటేషన్ టూల్‌ని నిన్న అప్‌డేట్ చేశాను. సెర్చ్ చాలా బాగుపడింది, టైప్ చేస్తుండగానే ఫలితాలు వస్తున్నాయి, కానీ ఇదే అదనుగా కొన్ని పేజీల పేర్లు మార్చేసరికి పాత లింకులు నొక్కినవాళ్లకి 404 (పేజీ దొరకలేదు) వస్తోంది. టెన్షన్‌గా ఉంది, వెనక్కి వెళ్లిపోనా?

జవాబు 1: వద్దండి. పాత అడ్రస్‌ల నుంచి కొత్తవాటికి 301 రీడైరెక్ట్ (శాశ్వత మళ్లింపు) పెట్టండి. 302 పెడితే మార్పు తాత్కాలికమని అర్థం.

జవాబు 2: మీ డాక్యుమెంటేషన్ టూల్ స్ఫింక్స్ అయితే అందులోని లింక్‌చెక్ బిల్డర్ నడపండి, బయటి లింకుల్లో ఏవి పోయాయో చూపిస్తుంది. ఎంకేడాక్స్ అయితే స్ట్రిక్ట్ మోడ్ పెట్టండి, హెచ్చరిక వస్తే బిల్డ్ (పేజీలు తయారయ్యే పని) ఆగిపోతుంది. మొదట్లో విసుగే, కానీ తప్పు పాఠకుడి కంటే ముందు మన కంట పడుతుంది.

ప్రశ్న అడిగినవారు: 301 పెట్టాను, పేజీలు తెరుచుకుంటున్నాయి. కానీ హెడింగ్‌కి నేరుగా వెళ్లే లింకులు పేజీ పైకే వెళ్తున్నాయి?

జవాబు 1: అడ్రస్‌లో హ్యాష్ గుర్తు తర్వాతి భాగాన్ని బ్రౌజర్ సర్వర్‌కి పంపదు, అందుకే రీడైరెక్ట్‌తో అది సరికాదు. హెడింగ్ మాటలు మారితే దాని ఐడీ (లింకులో హ్యాష్ తర్వాత వచ్చే పేరు) కూడా మారిపోయి ఉంటుంది. పాత ఐడీని ఆ హెడింగ్‌కి మీరే రాసి పెట్టండి.