స్కాట్లాండ్ బీచ్ రాళ్ళ మీద తారు లాంటి నల్ల పట్టీ ఏంటి?

ప్రశ్న: అబర్డీన్ దగ్గర ఉంటామండి, ఇక్కడ ఒడ్డు రాళ్ళకి ఒకే ఎత్తులో నల్లగా పట్టీ ఉంది, ఎవరో తారు పూసినట్టు. ఆయిల్ లీకయ్యిందా? పిల్లలు ముట్టుకోవచ్చా?

జవాబు 1: ఆయిల్ కాదండి, లైకెన్ అది. హైడ్రోపంక్టేరియా మౌరా అంటారు, పాత పుస్తకాల్లో వెరుకేరియా మౌరా అని ఉంటుంది, 2009లో ప్రజాతి మార్చారు. ఫంగస్సూ ఆల్గే కలిసి బతుకుతాయి, రాయికి ఎంత గట్టిగా అతుక్కుంటుందంటే గోటితో గీకినా పొరలా ఊడిరాదు, అదే కొత్త ఆయిలైతే చేతికి జిడ్డుగా అంటుకుంటుంది. భూతద్దం పెట్టి చూడండి, సన్నటి పగుళ్ళు, వాటి మధ్య చిన్న చిన్న బొడిపెలు, సిద్ధబీజాలు తయారయ్యేది వాటిల్లోనే. చాలా అందంగా ఉంటుంది!

జవాబు 2: కరెక్ట్. దానికి పైన ఆరెంజ్ లైకెన్లు, ఇంకా పైన బూడిద రంగువి ఉంటాయి, ఉప్పునీళ్ళు ఎంత తగిలితే దాన్నిబట్టి వరసలు. ముట్టుకుంటే ఏం కాదు గానీ తడిస్తే బాగా జారుద్ది, పిల్లల చెయ్యి వదలకండి.

ప్రశ్న: హమ్మయ్య, థాంక్సండి. పోటుకి మునుగుతుందా మరి?

జవాబు 1: కింది అంచు మునుగుతుంది, పైభాగానికి ఎక్కువగా తుంపరే.