కయాక్ మీద చేపల వేట: డాలస్ వైపు కొత్తవాళ్ళు ఎలా మొదలుపెట్టాలి?

లూయిస్‌విల్_శ్రీను:
నమస్కారం అండి. డాలస్ వచ్చి ఆరేళ్ళయింది. లూయిస్‌విల్ చెరువు మా ఇంటికి పావుగంట దూరం. ఇన్నాళ్ళూ గట్టు మీద నుంచే గాలం వేస్తున్నాను. జూన్ దాటాక ఒడ్డున నీళ్ళు కాగిపోయి చేప లోతుకి వెళ్ళిపోతుంది, ఎంత దూరం విసిరినా అందదు. పోయిన ఆదివారం నా కళ్ళ ముందే ఒకాయన కయాక్ (తెడ్డు వేసుకుంటూ వెళ్ళే సన్నటి చిన్న పడవ) మీద కూర్చుని గంటలో పదికి పైగా శాండ్ బాస్ పట్టాడు. అప్పటినుంచీ మనసంతా దాని మీదే ఉంది. చిన్నప్పుడు కాలవలో నేర్చుకున్న ఈత ఉంది. కయాక్ ఎప్పుడూ ఎక్కలేదు. బడ్జెట్ 800 డాలర్లు. ఇంట్లో మాత్రం నేను మునిగిపోతానేమోనని టెన్షన్ పడుతున్నారు. ఏం కొనాలి, ముందు ఏం నేర్చుకోవాలి?

గోదారి_గాలం:
శ్రీను గారూ, ముందు ఏదీ కొనకండి. రెండు మూడు రకాలు అద్దెకి తీసుకుని ఒక్కోటీ ఒక పూట తిప్పి చూడండి. నేను ఫొటో చూసి సిట్-ఇన్ కొన్నాను, అంటే కాళ్ళు లోపలికి చాపి కూర్చునేది. ఊరికే షికారు తిరగడానికి బావుంటుంది. చేపలకి మాత్రం ఇబ్బంది. పక్కకి తిరిగి కూర్చోలేం, గాలం సామాన్ల పెట్టె చేతికి అందదు, బోల్తా పడితే లోపలంతా నీళ్ళు నిండుతాయి. ఆరు నెలలకే అమ్మేశాను.

మీకు పనికొచ్చేది సిట్-ఆన్-టాప్. దానికి పై నుంచి అడుగుదాకా చిల్లులుంటాయి, స్కప్పర్లు అంటారు. పైన పడ్డ నీళ్ళు వాటిలోంచి కిందికి పోతాయి. పొడవు 10 నుంచి 12 అడుగులు, వెడల్పు 32 నుంచి 34 అంగుళాలు చూసుకోండి. వెడల్పు పెరిగితే నిలకడ పెరుగుతుంది, వేగం తగ్గుతుంది. అందరూ మర్చిపోయేది బరువు. కొట్లో ఇద్దరు పట్టుకుని చూపిస్తారు కాబట్టి తెలీదు. ఆగస్టు ఎండలో నాలుగు గంటలు ఉన్నాక ఒక్కరే కారు మీదకి ఎత్తాల్సి వచ్చినప్పుడు తెలుస్తుంది. 70 పౌన్లు దాటితే చక్రాల బండి కూడా లెక్కలో వేసుకోండి.

మీ బడ్జెట్‌కి సెకండ్ హ్యాండే నయం. బేరం ఆడేముందు పడవని తిరగేయండి. గీతలుంటే పర్లేదు. స్కప్పర్ చిల్లుల అంచులూ, వెనక అడుగు భాగమూ వేలితో తడిమి చూడండి. సిమెంటు మీద ఈడ్చి ఈడ్చి అక్కడే అరిగి పగులుతుంది. తెడ్డు 240 సెంటీమీటర్లకి తగ్గొద్దు. వెడల్పు పడవకి పొట్టి తెడ్డయితే వేసిన ప్రతిసారీ వేళ్ళు అంచుకి కొట్టుకుంటాయి.

ఫ్రిస్కో_రవి:
రూల్స్ నేను చెప్తా. చేపలు పట్టాలంటే 17 ఏళ్ళు నిండినవాళ్ళకి టెక్సాస్ పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ లైసెన్సు ఉండాలి. ఇక్కడివాళ్ళకి మంచినీటి చేపల లైసెన్సు ప్యాకేజీ 30 డాలర్లు. మామూలు లైసెన్సు ఎప్పుడు కొన్నా ఆగస్టు 31తో అయిపోతుంది, అందుకని జూలైలో కొనేముందు ఒకసారి ఆలోచించుకోండి. స్టేట్ పార్కు లోపల గట్టు మీద నుంచి పడితే లైసెన్సు అక్కర్లేదు, అదే పార్కులో కయాక్ ఎక్కితే మామూలుగా కావాలి. తెడ్డు వేసే కయాక్‌కి రిజిస్ట్రేషన్ లేదు. చిన్న ఎలక్ట్రిక్ మోటారు బిగించినా చేయించాలి. మనిషికో లైఫ్ జాకెట్, ఒక విజిల్, చీకటి పడితే తెల్ల లైటు తప్పనిసరి. 13 ఏళ్ళలోపు పిల్లలు జాకెట్ తొడుక్కునే ఉండాలి.

ఇంకొకటి. ఒడ్డుకి రాగానే పడవలో నీళ్ళన్నీ అక్కడే వంచేయాలి, అది కూడా చట్టమే. జీబ్రా మస్సెల్ అనే గుల్ల 2009లో టెక్సోమా చెరువులో బయటపడింది, అక్కడినుంచి చెరువు చెరువుకీ పాకుతోంది. దాని పిల్లలు కంటికి కనపడవు. చెంబెడు నీళ్ళలో కూడా ఇంకో చెరువుకి చేరిపోతాయి.

సౌజన్య_డెంటన్:
శ్రీను గారూ, పెద్దవాళ్ళు జాకెట్ తొడుక్కోవాలని చట్టం చెప్పదు. నేను చెప్తున్నాను. సీటు వెనక కట్టి పెట్టుకోకండి, ఒంటి మీద ఉండాలి.

మూడేళ్ళ కిందట మార్చిలో ఒక శనివారం రే రాబర్ట్స్ చెరువుకి వెళ్ళాను. పొద్దున హాయిగా ఉంది, టీషర్టు చాలింది. ఉత్తరపు ఒడ్డున బయల్దేరి చేప దొరికిన చోటల్లా ఆగుతూ దక్షిణంగా మైలు దూరం పోయాను. పదకొండింటికి ఉత్తరం గాలి దిగింది. నార్తర్ అంటారు ఇక్కడ, అరగంటలో చలి మొదలవుతుంది. తిరిగి రావాల్సింది సరిగ్గా దానికి ఎదురు. పది నిమిషాలు తెడ్డు వేసి తలెత్తి చూస్తే అదే ఎండు చెట్టు పక్కన ఉన్నాను. ఊపిరి తీసుకుందామని ఆగితే పడవ అడ్డం తిరిగింది, పక్క నుంచి అల కొట్టింది, బోల్తా పడ్డాను.

ఆ చల్లటి నీళ్ళు తగలగానే మన ప్రమేయం లేకుండా నోరు తెరుచుకుని గాలి లాగుతుంది. ఆ ఒక్క నిమిషం వచ్చిన ఈత పనిచేయదు. జాకెట్ ఉంది కాబట్టి తల పైన ఉంది, అంతే. తెడ్డుని తాడుతో పడవకి కట్టాను కాబట్టి అదీ మిగిలింది. రెండు రాడ్లూ, పెట్టె అడుగుకి పోయాయి. రెండుసార్లు ఎక్కబోయి జారిపోయాను, మూడోసారి ఎక్కాను. ఎదురు వెళ్ళే ప్రయత్నం మానేసి గాలి ఎటు తోస్తే ఆ ఒడ్డుకి చేరి ఇంటికి ఫోన్ చేశాను. నీళ్ళు పోని సంచీలో పెట్టి జాకెట్ జేబులో వేసుకున్నాను కాబట్టి ఫోన్ పనిచేసింది.

అందుకని మీరు మొదటి రెండు మూడు సార్లు గాలం ఇంట్లో వదిలేసి వెళ్ళండి. ఎండ రోజున, రొమ్ము లోతు నీళ్ళలో, పక్కన ఒక మనిషిని పెట్టుకుని కావాలని పడండి. పడవ తిరగబడి ఉంటే పక్కన నిలబడి అవతలి అంచుని గానీ స్కప్పర్ చిల్లుని గానీ పట్టుకుని మీ వైపు లాగితే సర్దుకుంటుంది. తర్వాత ముక్కు దగ్గరా తోక దగ్గరా ఎక్కొద్దు. సీటు పక్కన రెండు చేతులూ ఆనించి, కాళ్ళు వెనక్కి చాచి, ఒళ్ళు నీళ్ళ మీద తేలేదాకా కాళ్ళు గట్టిగా కొట్టండి. అప్పుడు పొట్ట మీద పాక్కుంటూ పడవకి అడ్డంగా పడుకోండి. మెల్లిగా వెల్లకిలా తిరిగి సీట్లో కూర్చోండి. కాళ్ళు అన్నిటికన్నా చివర్న లోపలికి. లేచి మోకాలు వేద్దామని చూస్తే మళ్ళీ తిరగబడుతుంది, నేను రెండుసార్లు చేసిన తప్పు అదే. ఇది పదిసార్లు వరసగా చేయగలిగాకే గాలం ఎక్కించండి.

బయల్దేరేముందు ఎండా వానా కాదు, గాలి చూడండి. గంటకి 10 మైళ్ళు దాటితే ఆ రోజు గట్టు మీదే కూర్చోండి. వెళ్ళేటప్పుడు గాలికి ఎదురు వెళ్ళండి, అలిసిపోయాక అదే ఇంటికి తోస్తుంది.

బీచ్‌రోడ్_వైజాగ్:
సౌజన్య గారి మాట చదువుతుంటే మా తాతయ్య గుర్తొచ్చారు. ఆయన తెప్ప మీద సముద్రంలోకి వెళ్ళేవారు. తెప్పంటే నాలుగైదు దుంగలు పక్కపక్కన పేర్చి తాడుతో కట్టడమే. కెరటం మీద పడితే నీళ్ళు దుంగల సందుల్లోంచి దిగిపోయేవి. గోదారి_గాలం గారు చెప్పిన స్కప్పర్ల పనీ అదే కదా. తెప్పకి మునగడానికి లోపలంటూ ఏమీ లేదు. ఒడ్డుకి వచ్చాక తాళ్ళు విప్పి దుంగల్ని ఇసకలో ఆరబెట్టేవారు, తడి పీలిస్తే బరువెక్కిపోతాయని. నేను రుషికొండ దగ్గర అద్దె కయాక్ మొదటిసారి ఎక్కినప్పుడు కూర్చునే తీరూ, కాళ్ళ మీదుగా నీళ్ళు వచ్చిపోవడమూ అంతా తెలిసినట్టే అనిపించింది. శ్రీను గారూ, మీ ఇంట్లో వాళ్ళకి ఆ చిల్లులు చూపించి విషయం చెప్పండి. చిల్లులున్నంత మాత్రాన పడవ మునగదంటే ముందు ఎవరూ నమ్మరు.

ఆస్టిన్_గట్టు:
ఎప్పుడైనా ఆస్టిన్ వస్తే లేడీ బర్డ్ లేక్‌లో మొదలుపెట్టండి. అక్కడ పెట్రోలు మోటారు బోట్లు నిషేధం కాబట్టి వేరే పడవల అలలు పెద్దగా ఉండవు. బాస్ చేప బాగానే ఉంది, అద్దె కయాక్‌లు ఒడ్డునే దొరుకుతాయి. ఈత కూడా నిషేధమే, కాబట్టి పడి లేవడం ప్రాక్టీసు మాత్రం వేరే చోట చేసుకోండి.

లూయిస్‌విల్_శ్రీను:
అందరికీ చాలా థాంక్స్. సౌజన్య గారూ, మీ పోస్టు మా ఆవిడకి చదివి వినిపించాను, జాకెట్ తనే కొంది. ఇంకో సందేహం. కయాక్ ఒకచోట నిలవదు కదా, లంగరు వేయాలా?

గోదారి_గాలం:
మొదటి నెల లంగరు జోలికి పోకండి. పడవ పక్కన కట్టిన లంగరు రాయికో మొద్దుకో పట్టేసిందంటే గాలి పడవని తోస్తుంది, తాడు ఆ అంచుని కిందికి లాగుతుంది. అలా క్షణంలో తిరగబడ్డవాళ్ళున్నారు. కట్టాలంటే ముక్కుకో తోకకో కట్టాలి, చేతికందేలా కత్తి ఉండాలి. మోకాలు లోతు నీళ్ళలో అయితే బురదలో గుచ్చే కర్ర చాలు. రాడ్ ఒకటే తీసుకెళ్ళండి, ఏడడుగుల స్పిన్నింగ్ రాడ్. పొడవుంటే చేప పడవ ముక్కు కింది నుంచి అవతలికి దూరినా దారాన్ని చుట్టు తిప్పి తీసుకురాగలరు. ఏం చేస్తున్నా మీ తల పడవ మధ్య గీత దాటి బయటికి పోకూడదు. చేపని వలబుట్టతో మీ దగ్గరికి తెచ్చుకోండి, మీరు దాని మీదికి వంగొద్దు.

లూయిస్‌విల్_శ్రీను:
ఐదు వారాల తర్వాత మళ్ళీ రాస్తున్నాను. 11 అడుగుల పాత సిట్-ఆన్-టాప్ 425 డాలర్లకి దొరికింది. మూడు ఆదివారాలు గాలం లేకుండానే వెళ్ళాను. మొదటి రోజు ఏడుసార్లు పడి రెండుసార్లే ఎక్కగలిగాను. మూడో ఆదివారం పదికి పదీ ఎక్కాను, మా అబ్బాయి ఒడ్డు మీద నుంచి లెక్కపెట్టాడు.

నిన్న పొద్దున ఆరున్నరకి రాడ్‌తో దిగాను. గాలి 5 మైళ్ళు. రెండు గంటలు ఏమీ లేదు. తర్వాత ఎర పట్టుకున్నది ఏదో గట్టిగా లాగింది, నేను రీలు తిప్పుతుంటే చేప రావడం లేదు, కయాకే చేప వైపు వెళ్తోంది! ముక్కు మెల్లిగా ఎడమకి తిరిగింది. గట్టు మీద ఆరేళ్ళలో ఇలాంటిది ఎప్పుడూ తెలీలేదు. కాళ్ళు రెండు పక్కలా నీళ్ళలోకి వేలాడేసి నిలకడ చేసుకున్నాను, తల మధ్యలోనే ఉంచుకున్నాను. ఐదారు నిమిషాలకి వలబుట్టలోకి వచ్చింది. ఛానల్ క్యాట్‌ఫిష్, మన జెల్ల జాతి, మోచెయ్యంత ఉంది. పక్క ముల్లు గుచ్చుకోకుండా పట్టుకోవడానికే ఇంకో ఐదు నిమిషాలు పట్టింది. సాయంత్రం పులుసు పెట్టుకున్నాం.

వచ్చే శనివారం కూడా అక్కడే దిగుతాను, గాలి 10 లోపుంటేనే. ఆ వైపు ఎవరైనా ఉంటే రండి, నా దగ్గర ఇంకో జాకెట్ ఉంది.

సౌజన్య_డెంటన్:
నేను వస్తాను. శుక్రవారం రాత్రి పదింటికి గాలి చూసి ఇక్కడే రాస్తాను.